రెండు రూపాయల వడ్డీ



నెల్లూరు తీరమున, బకింగుహాం కాలువకు తూర్పుగా, సరుగుడు తోపుల మధ్య నున్న ఒక పట్టపుపాలెములోని బడిలో మేము ఏడవ తరగతి పిల్లలను ఒక ప్రశ్న అడిగితిమి. "రెండు రూపాయల వడ్డీ ఎక్కువయా, పన్నెండు శాతము వడ్డీ ఎక్కువయా?" ఇంచుమించుగా తరగతి యంతయు ఒక్క గొంతుకతో "పన్నెండే" యని పలికెను. ఆ సాయంకాలము వలలు బాగుచేసికొనుచున్న పెద్దలను అడిగిన, వారును ఆ మాటయే చెప్పిరి.

పిల్లల తప్పు కాదు, పెద్దల తప్పును కాదు. మన పల్లెలలో వడ్డీ యనగా నూటికి నెలకు ఇంత యని అర్థము. బ్యాంకువారి భాషలో వడ్డీ యనగా నూటికి సంవత్సరమునకు ఇంత. రెండు రూపాయల వడ్డీ యనగా ఏడాదికి ఇరువది నాలుగు శాతము. పన్నెండు శాతము యనగా పల్లె మాటలో రూపాయి వడ్డీ. ఈ రెండును ఒక్క వస్తువునకే రెండు కొలతలని ఎవ్వరును వారికి చెప్పలేదు. పాఠ్యపుస్తకములో బారువడ్డీ సూత్రము కలదు. అసలును, కాలమును, రేటును హెచ్చించి నూటిచే భాగింపు మని పిల్లలు కంఠస్థము చేసియే యున్నారు. పరీక్షలో మార్కులును తెచ్చుకొందురు. ఇంటికి పోయి తండ్రి చేయుచున్న అప్పు మాట వినునపుడు మాత్రము, అది తాము నేర్చిన లెక్కయే యని వారికి తోచదు. బడిలోని వడ్డీ వేరు, ఇంటిలోని వడ్డీ వేరు.

మన ప్రభుత్వము ఒకప్పుడు ఈ మర్మమును గ్రహించినది. 2004 లో స్వయం సహాయక సంఘములకు మూడు శాతము వడ్డీ పథకమును పెట్టినపుడు దానికి 'పావలా వడ్డీ' యని పేరు పెట్టిరి. మూడు శాతము యని యుండిన ఎంతమందికి అర్థమయ్యెడిదో చెప్పలేము గాని, పావలా యనగానే వంటయింటిలోని ముసలమ్మకు సైతము తెలిసినది. పేరు పెట్టినవారు ఎవ్వరో గాని, మంచి ఉపాధ్యాయులై యుందురు.

నేటి మా ప్రసంగము ఆ ఉపాధ్యాయుని గూర్చియే. బడిపిల్లలకు, వారి మూలమున ఊరికిని, పైకపు లెక్క తెలియజెప్పవలె నని ఇప్పుడు అందరును అనుచున్నారు. చెప్పవలసిన వానికి మనము ఏమి సాయము చేయుచున్నా మన్నది చూడవలసిన విషయము.

ముందుగా ఆ పాలెపు లెక్కను కొంచెము వివరింతుము. తెప్పలు పోయి ఫైబరు పడవలు వచ్చినవి. తెరచాప పోయి ఇంజను వచ్చినది. సముద్రముమీదికి పోవుటకు పెట్టుబడి పెరిగినది. ఆ పెట్టుబడిని చేపలు కొను వ్యాపారియే ముందుగా ఇచ్చును. దానిని అడ్వాన్సు అందురు. వడ్డీ అడుగడు. పట్టిన చేపను తనకే వేయవలె నన్నదొక్కటే కట్టుబాటు. కిలో ధర మాత్రము బయటివాడు ఇచ్చునంత ఇయ్యడు.

ఇట్టిచోట బడిగోడపై "పొదుపు చేయుడు, అప్పు చేయకుడు" అని వ్రాసి యుండుట చూచితిమి. అప్పు లేకుండ అలలు దాటిన పడవ ఆ పాలెములో ఒక్కటియు లేదు. గోడమీది ఆ మాట పిల్లలకు తమ తండ్రులు తప్పుచేయుచున్నా రని చెప్పుచున్నదే గాని, వారికి పనికివచ్చు సంగతి ఒక్కటియు చెప్పుటలేదు.

అక్కడి లెక్కల మాస్టారు చేసిన పని మాకు నచ్చినది. ఆయన నల్లబల్లపై ఒక మనిషిని సృష్టించిరి. పిల్లలు అతనికి పోలయ్య యని పేరుపెట్టిరి. పోలయ్య వ్యాపారివద్ద 50,000 రూపాయలు అడ్వాన్సు తీసికొనెను. వడ్డీ లేదు. దినమునకు 30 కిలోల చేప వేయును. నెలకు 20 దినములు వేట. బయటి ధరకంటె కిలోకు 5 రూపాయలు తక్కువ. నెలకు పోలయ్య పోగొట్టుకొన్న దెంత? పిల్లలు గుణించిరి: 3,000 రూపాయలు. 50,000 కు నెలకు 3,000 యనగా నూటికి ఆరు రూపాయల వడ్డీ! సంవత్సరమునకు పది నెలలే వేట యనుకొన్నను 30,000. అనగా అరువది శాతము. అసలు మాత్రము అట్లే యున్నది. తరగతిలో కొంతసేపు మాటలేదు. వడ్డీ లేని అప్పు యని ఇంటిలో నిత్యము వినుచున్నది ఇదియా యని వారి ముఖములలో కనబడినది.

మరునాడు ఒక తల్లి బడికి వచ్చినది. కోపముతో రాలేదు. "అయ్యోరా, మీ లెక్క సరే. వల తెగిన రాత్రి మీ బ్యాంకు తలుపు తీస్తాదా? ఆయన తీస్తాడు" అని అడిగి పోయినది. 1989 నవంబరులో కావలి సమీపమున తీరము దాటిన పెనుతుపాను మొదలుకొని, ఆపద వచ్చినపుడెల్ల ముందుగా చేయి చాచినవానిని పాలెము మరువదు. అదియును లెక్కలో చేరవలసినదే. వ్యాపారి తీసికొను ఆ అయిదు రూపాయలలో కొంత వడ్డీ, కొంత అర్ధరాత్రి సాయమునకు ముందే చెల్లించు రుసుము. ఆ రుసుము తగినదా, అధికమా యని తూచుకొనుట పోలయ్య పని. తూచుటకు త్రాసు అందించుట బడి పని. వ్యాపారిని దొంగ యని చెప్పుట బడి పని కాదు. మాస్టారు ఈ మాటను తరగతిలో చెప్పి, "అర్ధరాత్రి సాయము వెల ఎంత యుండవచ్చును?" అని మరియొక ప్రశ్న ఇచ్చిరి. దానికి పుస్తకము చివర జవాబు లేదు.

నల్లబల్లమీద కల్పిత పురుషుని నిలుపుటలో ఒక మర్యాద యున్నది. మరియొక బడిలో ఒక యువ ఉపాధ్యాయుడు ఉత్సాహముతో "మీ ఇంటిలో అప్పెంత?" అని పిల్లలను వరుసగా అడిగెను. పిల్లలు చెప్పిరి. సాయంకాలమునకు ఆ అంకెలు ఊరంతయు తిరిగినవి. మరునాడు ఇద్దరు పిల్లలు బడికి రాలేదు. అప్పు అన్నది ఇంటి గుట్టు. పోలయ్య అప్పు ఎవ్వరి గుట్టును కాదు. అయినను ప్రతి ఇంటివారును అతనిలో తమ్మును చూచుకొందురు.

ఈ ఉపాయము నెల్లూరు జిల్లాకు క్రొత్త కాదు. 1991 లో అక్షరాస్యతా ఉద్యమము జిల్లా యంతయు వ్యాపించినపుడు, రాత్రిబడులలో స్త్రీలు చదివిన వాచకములలో 'సీతమ్మ కథ' యను పాఠ ముండెను. సారా వలన చెడిన సంసారపు కథ అది. సీతమ్మ ఎవ్వరును కాదు, అందరును సీతమ్మలే. తీరమునకు దూరముగా మెట్టప్రాంతమున నున్న దూబగుంటలో స్త్రీలు సారా దుకాణమును మూయించిరి. రోశమ్మగారి పేరు రాష్ట్రమంతట వినబడెను. ఆ కథ 'ఆడవాళ్ళు ఏకమైతే' యను పాఠముగా మరల వాచకములోనికే ఎక్కినది. 1993 ఏప్రిల్ 15 న నెల్లూరు జిల్లాలోను, అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటను సారా నిషేధింపబడెను. పిమ్మట ఆ స్త్రీలే దినమునకు ఒక రూపాయి చొప్పున కూడబెట్టుకొనిరి. దానికి 'పొదుపులక్ష్మి' యని పేరు వచ్చినది. సారాకు పోవుచుండిన డబ్బు ఎంతయో అక్షరములతోపాటు లెక్కించుటకు నేర్చినందున ఆ రూపాయి మిగిలినది. మైదానమున మొదలైన ఆ సంఘములు తీరపు పాలెములకును చేరినవి.

అయితే ఆ ఉద్యమపు కీర్తిని చెప్పి ఊరకుండరాదు. సంతకము వచ్చినది, పొదుపు అలవాటైనది, సంఘము కుదిరినది. ఇన్ని యున్నను వడ్డీ లెక్క మాత్రము వెనుకబడినది. 2000 తరువాత సూక్ష్మరుణ సంస్థలు ఇంటింటికిని వచ్చి వారపు వాయిదాలమీద అప్పు లిచ్చినపుడు ఈ లోటు బయటపడెను. ఉదాహరణకు, 10,000 రూపాయలు అప్పు. 'పదునైదు శాతమే' యని మాట. వారమునకు 230 చొప్పున 50 వారములు. మొత్తము 11,500. పైకి పదునైదే. కాని ప్రతివారమును అసలు తీరుచునే యున్నది గదా! సగటున ఆమె చేతిలో నున్న అప్పు అయిదువేల పైచిలుకు మాత్రమే. 1,500 వడ్డీ దానిమీదనే. కనుక నిజముగా పడిన వడ్డీ ముప్పదికి దగ్గర. పల్లె మాటలో రెండున్నర రూపాయలు. ఒక అప్పు తీర్చుటకు మరియొక అప్పు చేసి, వాయిదాల ఒత్తిడికి తాళలేక ప్రాణములు విడిచినవారి వార్తలు వచ్చుచుండగా, 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చి ఆ వసూళ్ళకు కట్టడి చేసినది. చట్టము రావలసినదే. ఆ లెక్క ముందుగా ఏడవ తరగతి బల్లమీదికి ఎక్కియుండిన బాగుండెడిది.

ఇక మా మాట కొంత చెప్పుకొనవలెను. చెప్పుట సుఖము కాదు. మేము ఉపాధ్యాయవృత్తిలో చిరకాలము గడిపినవారము. ముప్పది సంవత్సరముల క్రిందట, మేము పనిచేయుచున్న తీరగ్రామమునకు ఒక డిపాజిట్ల కంపెనీ మనిషి వచ్చెను. బ్యాంకుకంటె రెట్టింపు వడ్డీ యనెను. మేమును కట్టితిమి. పిమ్మట ఊరివారిచేత కట్టించితిమి. మాటను ఎవ్వరును శంకింపలేదు. చెప్పినది బడిపంతుళ్ళు గదా. మాకు వచ్చిన కమీషనులో కొంత పెట్టి బడికి గోడగడియారము కూడ కొంటిమి. రెండవ ఏట కంపెనీ కార్యాలయమునకు తాళము పడినది. ఎండుచేపలు గంపకెత్తి అమ్ముకొను ఒకామె మాచేతనే జాబులు చదివించుకొనుచుండెడిది. ఆమె మమ్మొక్క మాటయు అనలేదు. "అయ్యోరు చెప్పబట్టే కట్టినాం" అని ఇతరులతో అన్నదట. జాబులను మాత్రము అటుపిమ్మట మైలు దూరము నడిచి పోస్టుమాస్టరుచేత చదివించుకొనెను. గడియారము చాలకాలము సరిగానే తిరిగినది.

మేము మోసగాండ్రము కాము. తెలియనివారము. బ్యాంకులో వేసిన డబ్బునకు డిపాజిట్ భీమా కలదనియు, ఆ కంపెనీ డబ్బునకు అట్టిది లేదనియు మాకు తెలియదు. ఆ భీమా నాడు లక్ష వరకుండెను. 2020 ఫిబ్రవరి నుండి అయిదు లక్షలు. అనుమతి లేని డిపాజిట్ పథకములను నిషేధించు కేంద్రచట్టము 2019 లో వచ్చినది. రిజర్వుబ్యాంకువారు 'సచేత్' అను వెబ్‌సైటును 2016 లో తెరచిరి. ఏ సంస్థకు డిపాజిట్లు తీసికొను అనుమతి యున్నదో అందు చూచుకొనవచ్చును, ఫిర్యాదును ఇయ్యవచ్చును. ఇవన్నియు ముందుగా ఉపాధ్యాయునికి తెలియవలెను. అతని మాటకు ఊరిలో నున్న విలువ అతనికంటె బయటివారికి బాగుగా తెలియును. దానిని కొనుటకు ఎవ్వరో ఒకరు ఎప్పుడును వచ్చుచునే యుందురు.

కనుకనే, ఉపాధ్యాయునికి సాయ మన్నపుడు శిక్షణ యొక్కటియే చాలదని మా అభిప్రాయము. శిక్షణ లేకపోలేదు. 2013 లో ఏర్పడిన జాతీయ విత్తవిద్యా కేంద్రమువారు ఆరు నుండి పది తరగతుల ఉపాధ్యాయులకు శిక్షణలు జరుపుచున్నారు. 2020 లో వెలువడిన జాతీయ వ్యూహపత్రము పాఠ్యవిషయమును, సామర్థ్యమును, సమాజమును, ప్రచారమును, సహకారమును అయిదు మెట్లుగా చెప్పినది. కాగితముమీద లోపము లేదు. ఒకపూట సభ, ఒక తేనీరు, ఒక ఛాయాచిత్రము, ఒక పుస్తకము. ఆ పుస్తకములో నగరమున జీతగాని కుటుంబపు నెలవారీ బడ్జెట్టు. నెలజీతము ఎరుగని పాలెమునకు దానితో ఏమి పని? వేట యున్ననాడు డబ్బు, లేనినాడు లేదు. మాస్టారు ఆ పుస్తకమును మూసి పోలయ్యను వెదకుకొనవలసి వచ్చినది. వెదకుటకు ఆయనకు సమయ మేది? హాజరు, మధ్యాహ్న భోజనపు లెక్క, ఎన్నికల పని, సర్వేలు. ఆ తీరపు బడులలోని నలుగురు ఉపాధ్యాయులు నెలకొకసారి కూర్చుండి తమ పాలెములకు తగిన లెక్కలు కట్టుకొనుటకు ఒక్కపూట అనుమతి ఇచ్చిన, అది పది శిక్షణలకు సాటి.

మరియొకటి. ఉపాధ్యాయునికి లక్ష్యములు పెట్టరాదు. ఇన్ని ఖాతాలు తెరిపింపుము, ఇన్ని భీమాలు కట్టింపు మని చెప్పిననాడు అతడు మరల ఏజెంటు అగును. పదేండ్లు నిండిన పిల్లవాడు తానే ఖాతా తెరచి నడపుకొనుటకు రిజర్వుబ్యాంకు 2014 లోనే అనుమతించినది, మంచిదే. తెరచుట పిల్లవాని ఇష్టము, తలిదండ్రుల ఇష్టము. ఖాతాల సంఖ్యనుబట్టి పంతులుకు మార్కులు వేయకుడు.

ఫోను సంగతి యొకటి చెప్పి ముందుకు పోవుదుము. నేడు పాలెములలో తల్లి ఫోనునకు వచ్చిన సందేశమును చదువునది బిడ్డయే. కావున బిడ్డకు రెండు మాటలు తెలిసిన చాలును. మనకు డబ్బు వచ్చుటకు పిన్ను కొట్ట నక్కరలేదు. పిన్ను అడిగిరన్న, పోవుచున్నదే గాని వచ్చుటలేదు. మోసపోయిన వెంటనే 1930 అను నంబరునకు ఫోను చేయవలెను. ఆలస్యమైన కొలది డబ్బు దూరమగును.

పోలయ్య కథ ఇంకను మిగిలియున్నది. తూర్పుతీరమున ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు యాంత్రిక పడవలకు వేట నిషేధము. వేసవి సెలవులకు ముందు ఆ లెక్క వచ్చినది. పోలయ్య ఇంటికి దినమునకు 300 ఖర్చైన, 61 దినములకు 18,300. ప్రభుత్వపు భృతి 2025 లో 20,000 కు పెరిగినది. "సరిపోయింది సార్" అని ఒక బాలుడు కూర్చుండెను. వెనుక బల్లమీది బాలిక లేచి "ఆ డబ్బు ఏ తేదీన పడతాది?" అని అడిగినది. మాస్టారు నల్లబల్లపై ఒక గీత గీసి, దినములను దానిపై గుర్తించి, డబ్బు వచ్చు దినమును ఒకచోట, అప్పటివరకు గడపవలసిన దినములను ఒకచోట వేరుచేసి చూపిరి. ఆ మధ్య దినములకే ఏటేట అడ్వాన్సు పెరుగుచున్నదని తరగతి కనుగొన్నది. వేట యున్న ఒక్కొక్క దినమున ఎంత తీసి దాచిన ఆ మధ్య దినములు గడచునో కనుగొనుట ఇంటిపని.

ఆ నెలలోనే మాస్టారు కోరికపై సమీపపు బ్యాంకు అధికారి ఒక శనివారము బడికి వచ్చిరి. ఖాతాలు తెరిపించుటకు కాదు, ప్రశ్నలకు బదులు చెప్పుటకు మాత్రమే రావలెనని ముందుగానే మాట తీసికొనిరి. తలిదండ్రులును వచ్చిరి. రైతులకున్న కిసాన్ క్రెడిట్ కార్డు 2018-19 నుండి మత్స్యకారులకును వర్తించుచున్న దని ఆయన చెప్పిరి. రెండు లక్షల వరకు ఏడు శాతము. గడువులో తీర్చినవారికి నాలుగు శాతము. పిల్లలు వెంటనే నల్లబల్లవైపు చూచి పన్నెండుచే భాగించి "ముప్పైమూడు పైసల వడ్డీ" అని పెద్దల కొరకు అనువదించిరి. వెనుక గోడకు ఆనుకొని నిలిచియున్న ఒక ముసలాయన పావలాకంటె కొంచెమే ఎక్కువ యని తల ఊపెను.

నాటి తల్లియు ఆ సభలో నుండెను. ఆమె లేచి మరల ఆ ప్రశ్నయే అడిగినది: "రాత్రి వల తెగితే?" అధికారి తడబడలేదు గాని నవ్వనులేదు. "రాత్రి మేము తలుపు తీయము. కార్డుమీద హద్దును ముందే మంజూరు చేసి యుంచినచో, తెల్లవారగానే తీసికొనవచ్చును. మంజూరుకు మాత్రము కొంతకాలము పట్టును. వ్యాపారికి పట్టదు. అది నిజమే" అనెను. కావలసిన కాగితము లేవి యని ఆమె అడిగినది. పడవ రిజిస్ట్రేషను, వేట లైసెన్సు, ఆధారు, బ్యాంకు పుస్తకము. ఆయన ఒక్కొక్కటి చెప్పుచుండగా ఆ వెనుక బల్లమీది బాలిక సుద్దముక్కతో నల్లబల్లపై వ్రాసెను. సోమవారము లెక్కల గంట వరకును దానిని ఎవ్వరును తుడువలేదు.